కాయలు ఎత్తేశాక కూడా ఆగని కన్నీళ్ళు

నాలో ఏదో తేడా వచ్చిందని నాకు మొదటిసారి తెలిసింది మిరపకాయల కళ్లంలో. ఫిబ్రవరి నెల. మా పాప జెస్సీకి మూడో నెల నడుస్తోంది. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ దగ్గర పురుడు పోసుకుని, అత్తగారి ఊరు వచ్చి కొద్ది రోజులే అయింది. ఆ ఊరు పిడుగురాళ్ళకు దగ్గర. మావారు రాజేష్ దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం చేస్తారు. మామయ్య లేరు. పొలం పనంతా అత్తయ్య మరియమ్మ గారే చూసుకుంటారు.

ఆ రోజు కళ్లంలో తాలు ఏరుతున్నారు. ఎండలో రంగు పోయి తెల్లబడిన కాయలను తాలు అంటారు. వాటిని ఎర్ర కాయల్లోంచి వేరు చేయాలి. ఆడవాళ్ళందరూ ముక్కుకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. నేనూ ఒక చివర కూర్చున్నాను. పాపకు ఘాటు తగలకూడదని దూరంగా రేకుల షెడ్డులో చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టాం.

పాప ఏడ్చింది. నాకు స్పష్టంగా వినపడింది. అది ఆకలి ఏడుపని కూడా తెలిసింది. కానీ లేవాలనిపించలేదు. ఎవరి బిడ్డో ఏడుస్తోంది, ఆ తల్లెవరో లేచి వెళుతుందిలే అన్నట్టు కాయలు ఏరుతూ కూర్చున్నాను. చివరికి అత్తయ్యే వెళ్ళి చేతులూ మొహమూ కడుక్కుని పాపను ఎత్తుకుని, నన్ను షెడ్డులోకి పిలిచారు. పాలు ఇస్తుంటే నా కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తిరిగి వచ్చి కూర్చున్నా ఆగలేదు.

"గుంటూరు కోడలికి ఘాటు పడటం లేదు," అంది పక్కనున్న సుశీలక్క.

"మిర్చి బజ్జీలు తిన్నంత తేలిక కాదమ్మాయ్ కాయలు ఏరడమంటే," అంది ఇంకొకావిడ. "బ్రాడీపేట కళ్ళు, అవి మాత్రం ఏం చేస్తాయి పాపం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి కళ్లంలో నా పేరు బ్రాడీపేట కళ్ళు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు మేలే చేసింది. మిరప కోతల కాలంలో మా ఊళ్ళో అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. అందరూ తుమ్ముతుంటారు, అందరూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటారు. అంత మందిలో ఒక మనిషి నిజంగా ఏడుస్తుంటే ఎవరు పోల్చుకుంటారు? ఎమ్మెస్సీ చదివిన బుర్ర కదా, ఏడవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని అప్పుడు అనుకున్నాను.

రాను రాను నిద్ర కరువైంది. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుండేది. అన్నిటికంటే భయపెట్టింది ఇంకొకటి. అత్తయ్య రోజూ పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తారు. నేను చెంబుతో నీళ్ళు అందించాలి. ఒక రోజు అలా అందిస్తుంటే, ఈ బిడ్డ నా చేతుల్లో ఉంటే గంగాళం నీళ్ళలోకి జారిపోతుందేమో, నేనే జారవిడుస్తానేమో అన్న ఆలోచన వచ్చింది. నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ తర్వాత ఆ ఆలోచన రోజూ వచ్చేది. బావి దగ్గర, డాబా మెట్ల మీద, బండి మీద వెళ్తున్నా వచ్చేది. పాపను ఎత్తుకోకుండా తప్పించుకునేదాన్ని. "అత్తయ్యా, మీ దగ్గరైతే త్వరగా పడుకుంటుంది," అని ఆవిడకే ఇచ్చేసేదాన్ని.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు. బిడ్డను నా దగ్గర ఉంచరు. నన్ను పుట్టింట్లో వదిలేసి పాపను ఇక్కడ పెంచుకుంటారు. నా భయమంతా అదే. ఎత్తుకోవాలంటే భయం, ఎత్తుకోనివ్వరేమోనని ఇంకా భయం. ఈ రెండిటి మధ్యా ఆ కోతల కాలమంతా గడిచింది.

మావారికి నా కళ్ళు మాత్రం కనపడ్డాయి. పిడుగురాళ్ళలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరు గారు లైటు వేసి చూసి, "కళ్ళు బానే ఉన్నాయమ్మా. కళ్లంలో పనా?" అని అడిగారు. అవునన్నాను. "మరి అదే. ఎలర్జీ. చుక్కలు రాస్తాను, అద్దాలు పెట్టుకోండి," అన్నారు. ఆయన్ని అనడానికి ఏమీ లేదు. నేను చెప్పినదానికి ఆయన మందు రాశారు. నేను ఆ చుక్కలు క్రమం తప్పకుండా వేసుకున్నాను. ఏడుపుకు కళ్ళ చుక్కలు వాడిన మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ తర్వాత తెలిసింది, మా ఊళ్ళోనే ఇంకా ఉన్నారని.

నీరసంగా ఉందంటే బ్లడ్ టెస్టులు చేయించారు. సీబీసీ, థైరాయిడ్, షుగర్. "అన్నీ నార్మలే," అన్నారు ల్యాబులో. ఆ మాట విని మావారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. అన్నీ నార్మలైతే, చెడ్డది నేనే అన్నమాట.

ఏప్రిల్‌లో కాయలు ఎత్తేశాం. టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు తొక్కి లారీకి ఎక్కించి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పంపేశారు. కళ్లం ఊడ్చేశారు. ఆ వెంటనే ఒక వాన పడి ఊళ్ళో ఘాటంతా కడుక్కుపోయింది. అందరి కళ్ళూ తెల్లబడ్డాయి. నావి తప్ప.

ఒక పొద్దున అత్తయ్య పాపకు నీళ్ళు పోసి, తుడిచి, పౌడరు వేస్తూ నా మొహం వంక చూశారు. పక్కింటి పిల్ల ఆడుకోవడానికి వస్తే, "మళ్ళీ రావే," అని పంపేశారు. గది తలుపు దగ్గరగా వేశారు.

"కాయలెత్తేసి ఎన్ని రోజులైందమ్మాయ్?"

"వారమైందనుకుంటా అత్తయ్యా."

"ఊళ్ళో ఎక్కడా ఘాటు లేదు. ఇప్పుడు ఈ కళ్ళ నీళ్ళు ఎక్కడివి?"

నేను అలవాటుగా "ఎలర్జీ" అన్నాను.

"ఆ మాట ఆ కళ్ళ డాక్టరుకి చెప్పు. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి కళ్లంలో ఉన్నాను. ఘాటుకి కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, మనిషి తిడుతుంది. నువ్వు ఒక్కసారి కూడా తిట్టలేదు. చెప్పు. నేనెక్కడికీ పోవట్లేదు."

ఆవిడ నిజంగానే ఎక్కడికీ పోలేదు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వస్తున్నా లేవలేదు. నేను చెప్పాను. నీళ్ళ సంగతి, మెట్ల సంగతి, నేను లేకపోతేనే పాప బాగుంటుందని అనిపిస్తున్న సంగతి, అన్నీ. ఆఖరున, "పాపను నాకు ఇవ్వకండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ పాపను ఎత్తుకున్నారు. నేను అనుకున్నదే జరగబోతోంది అనుకున్నాను. తర్వాత ఆవిడ నా పక్కకి జరిగి, మోకాలుకి మోకాలు ఆనేలా కూర్చుని, పాపను నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వెత్తుకో. నేను పక్కనే ఉంటా."

నా జబ్బుకు మొదటి మందు అదేనని నేను నమ్ముతాను. రెండోది బ్రాడీపేటలో దొరికింది.

బ్రాడీపేట నేను పుట్టి పెరిగిన చోటు. కోచింగ్ సెంటర్ల మధ్య, పై అంతస్తులో ఉన్న ఆ సైకియాట్రిస్ట్ క్లినిక్ బోర్డు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. దాని కిందుగా ట్యూషన్‌కి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని ఆటోలోనే చున్నీ మొహానికి చుట్టుకున్నాను. అత్తయ్య మాత్రం పాపను భుజాన వేసుకుని, మెట్ల దగ్గర నిలబడి, జిరాక్స్ షాపు కుర్రాణ్ణి వీధంతా వినపడేలా అడిగారు. "బాబూ, మనసు బాగోలేకపోతే చూసే డాక్టరు గారు పైనేనా?"

"అత్తయ్యా, మెల్లగా," అన్నాను.

"ఎందుకు మెల్లగా? దొంగతనానికొచ్చామా?"

డాక్టరు గారు నడివయసు ఆవిడ. ముందు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడారు. చనిపోవాలనిపించిందా అని మొహమాటం లేకుండా అడిగారు. ఉండకపోతే బాగుండునని అనిపించిందన్నాను. పాప గురించి వచ్చే ఆలోచనలు కూడా చెప్పాను. ఆవిడ కంగారు పడలేదు. అలాంటివి వినడం ఆవిడకు కొత్త కాదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. గొంతులు వినిపిస్తున్నాయా, ఎవరైనా హాని చేస్తున్నట్టు అనిపిస్తోందా అని ఇంకా చాలా అడిగాక అన్నారు:

"దీన్ని పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ అంటామమ్మా. ఆ నీళ్ళ ఆలోచనలు ఇంట్రూసివ్ థాట్స్. మీకు ఇష్టం లేకుండా వచ్చేవి. ఆలోచన రావడం వేరు, అలా చేయాలని కోరుకోవడం వేరు. మీరు దాన్ని చూసి వణికిపోతున్నారు, అది మీ కోరిక కాదు కాబట్టే."

బయట ఉన్న అత్తయ్యను పిలిచి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పురుగు మందులు ఇంట్లో ఎక్కడ పెడతారమ్మా?" పత్తి, మిరప వేసే ఇళ్ళ నుంచి ఎవరొచ్చినా ఇదే అడుగుతారట. మా ఇంట్లో పెరటి గదిలో ఉండేవి. "ఈ రోజే అక్కణ్ణించి తీసేయండి. తాళం మీ దగ్గర ఉండాలి. కొన్నాళ్ళు తనని ఒంటరిగా వదలొద్దు," అన్నారు. అత్తయ్య ఊరు చేరగానే కాళ్ళు కడుక్కోకుండానే అన్నీ పొలంలో మోటారు గదికి తరలించారు. ఆ తాళంచెవి ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంటుంది.

పాలు ఇస్తూ కూడా వాడగలిగిన మాత్ర రాశారు. దాంతోపాటు కౌన్సెలింగ్. "రేపటికే తగ్గదు. కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, ఓర్చుకోండి," అన్నారు. అలాగే తిప్పింది. మావారు షిఫ్టు నుంచి సిమెంటు దుమ్ముతో వచ్చి, స్నానం చేసి, పాపను ఎత్తుకుని నన్ను పడుకోమనేవారు. ఆయనకు పెద్దగా మాటలు రావు. "కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళానే నిన్ను," అని ఒక రోజు అన్నారు, అంతే. జూన్ వచ్చేసరికి అన్నానికి రుచి తెలిసింది. గోంగూర పచ్చడి కలుపుకుని ఇంకొంచెం పెట్టమన్నానని అత్తయ్య ఆ రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పారు.

అప్పుడే దెబ్బ తిన్నాను. మాది చర్చి సంఘానికి వెళ్ళే కుటుంబం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దూరపు బంధువు ఒకావిడ ఇంటికొచ్చి, "దేవుడు బాగుచేశాక ఇంకా మాత్రలు ఎందుకమ్మా? అవి అలవాటైపోతాయి. పాల ద్వారా పాపకూ వెళతాయి," అంది. పాప మాట వచ్చేసరికి ఎవరినీ అడగకుండా మాత్రలు మానేశాను. ఆగస్టులో పత్తి చేలు పచ్చగా ఎదిగే వేళకి నేను మళ్ళీ మంచం దిగలేని స్థితికి వచ్చాను. తల తిరగడం, వణుకు, మళ్ళీ అవే ఆలోచనలు.

"ఇది జ్వరం మాత్ర కాదమ్మా, తగ్గగానే ఆపడానికి," అన్నారు డాక్టరు గారు. "ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో నేను చెబుతాను. అందాకా వాడండి. పాపకు ప్రమాదం లేదని చూసే రాశాను."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆ తర్వాతి ఆదివారం సంఘంలో సాక్ష్యాల వేళ. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి నలుగురిలో చెప్పవచ్చు. అత్తయ్య లేచారు. నా ప్రాణాలు ఎగిరిపోయాయి.

"నా కోడలికి పురుడయ్యాక మనసు జబ్బు చేసింది. కళ్లంలో మనందరి ముందూ ఏడ్చింది. మనం నవ్వాం, నేను కూడా నవ్వాను. దేవుడు ఇప్పుడు బాగుచేస్తున్నాడు. డాక్టరమ్మ చేతుల మీదుగా, రోజుకొక మాత్రతో. నేను షుగరు మాత్ర వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. దీని మాత్ర మానెయ్యమని మాత్రం ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఇంకోసారి ఆ మాటతో ఎవరైనా వస్తే, చెబుతున్నా, కాఫీ కూడా ఇవ్వను."

సంఘమంతా నవ్వింది. పాస్టర్ గారు కూడా నవ్వి, "మరియమ్మ గారి కాఫీ కావాలంటే మాత్రలు మానకండి," అన్నారు. తల వంచుకుని కూర్చున్న నేను నెమ్మదిగా తలెత్తాను. జీవితంలో నాకు డిగ్రీ పట్టా ఇచ్చినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు. నన్ను దాచిపెట్టే మనిషి కాదు, నా గురించి నిలబడి చెప్పే మనిషి దొరికింది.

బయటికి వస్తుంటే సుశీలక్క నా చెయ్యి పట్టుకుంది. "నాకూ రెండో కాన్పప్పుడు ఇలాగే అయిందమ్మా. నేనూ ఆ కళ్ళ చుక్కలే వేసుకున్నా," అంది.

ఆ మాటతోనే అసలు పని మొదలైంది. మా పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, నెలకొకసారి జిల్లా ఆసుపత్రి నుంచి ఒక మానసిక వైద్యుడు వస్తారని అప్పుడు తెలిసింది. మాత్రలు కూడా అక్కడే ఇస్తారు. కానీ ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఎందుకో నేను, సుశీలక్క వెళ్ళి చూస్తే అర్థమైంది. వరండా చివర గది, తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు, ఎదురుగా టీ కొట్టు. ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా, టీ తాగడం అయ్యేలోపు ఊరంతా తెలుస్తుంది.

పీహెచ్‌సీ డాక్టరు గారిని కలిశాం. "ఆ మానసిక వైద్యం టీకాల రోజు పెట్టండి సార్," అని అడిగాం. టీకాల రోజు చంటిపిల్లల తల్లులందరూ ఎలాగూ వస్తారు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. పిల్లల బరువు చూసే గది పక్కనే ఆ మానసిక వైద్యుడు కూర్చుంటే, ఏ తలుపులోంచి ఎవరు వెళ్ళారో టీ కొట్టుకు తెలియదు. పీహెచ్‌సీ డాక్టరు గారు, "రూమ్ చిన్నది, ఇరుకవుతుంది," అన్నారు. "బెంచీ మీద ముగ్గురు కూర్చునే చోట ఐదుగురం కూర్చుంటాం సార్, మాకు ఇరుకు అలవాటే," అంది సుశీలక్క. జిల్లా ఆసుపత్రితో మాట్లాడి రోజు మార్చడానికి కొంతకాలం పట్టింది. మేం వదల్లేదు.

ఇంకో చిక్కు వచ్చింది. ఏఎన్ఎమ్ నర్సు గారు తల్లులను అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద ఉండేవి. 'గత కొద్ది రోజులుగా మీరు విచారానికి లోనయ్యారా?' అని చదివితే అందరూ లేదనే చెప్పేవారు. ఆ భాషలో విచారపడేవాళ్ళు మా ఊళ్ళో లేరు. నేను కూర్చుని ఆ ప్రశ్నలకు మా మాటలు రాసిచ్చాను. పీహెచ్‌సీ డాక్టరు గారు చూసి సరేనన్నారు. మొదటిది ఇలా ఉంటుంది: 'పాప ఏడిస్తే లేవబుద్ధవుతోందా?' దానికి తల్లులు ఆగిపోతారు. కొందరు నవ్వేస్తారు. కొందరు మాట్లాడరు. ఆ మాట్లాడనివాళ్ళను పక్క గదికి తీసుకెళ్ళి కూర్చోబెడతాం. సుశీలక్క, నేను టీకాల రోజు తప్పకుండా వెళతాం. మా పని పిల్లల్ని ఎత్తుకోవడం, పక్కన కూర్చోవడం. వైద్యం డాక్టర్లు చేస్తారు.

మొన్న కోతల్లో మా కళ్లంలో దీవెన అని ఒక కొత్త కోడలు తాలు ఏరడానికి వచ్చింది. ఒడిలో చంటివాడు లేడు, షెడ్డులో ఉయ్యాలలో ఉన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. ఆ పిల్ల వేళ్ళు కాయల మీదే ఉన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఘాటు పడటం లేదు పాపం," అని ఎవరో అనబోయి, నా వంక చూసి ఆగిపోయారు. అప్పటికే అత్తయ్య తట్ట పక్కన పెట్టి లేచారు.

షెడ్డులో ముగ్గురమే కూర్చున్నాం. అడగ్గా అడగ్గా ఆ పిల్ల నోరు విప్పింది. మొదట తన బాధ చెప్పలేదు. "చెబితే వీణ్ణి నా దగ్గర నుంచి తీసేసుకుంటారా అక్కా?" అంది.

ఉయ్యాలలోంచి బాబును తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. మోకాలుకి మోకాలు ఆనేలా పక్కన కూర్చున్నాను. "నువ్వెత్తుకో. మేం పక్కనే ఉంటాం," అన్నాను. ఆ వచ్చే టీకాల రోజే అత్తయ్య ఆ పిల్లను వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. ఇప్పుడు వైద్యం జరుగుతోంది. నిన్న ఫోన్ చేసి, ఆకలేస్తోందక్కా అని చెప్పింది.

బ్రాడీపేట డాక్టరు గారు మెల్లమెల్లగా తగ్గిస్తూ నా మాత్రలు ఆపి చాలాకాలమైంది. నాకు కంగారు మనస్తత్వం పోలేదు. పాప పడుకున్నాక ఇది రాస్తూ కూడా, వాక్యానికొకసారి వెళ్ళి దాని ఊపిరి చూసి వస్తున్నాను. అది నా స్వభావం, జబ్బు కాదు, తేడా నాకిప్పుడు తెలుసు. మాత్రలు వాడుతున్న రోజుల్లోనే ఒక పొద్దున పీట మీద నేను కూర్చుని, కాళ్ళు చాపి, పాపకు నా చేత్తో నీళ్ళు పోశాను. అత్తయ్య చెంబు అందించారు. అంతకు మించిన ధైర్యం ఈ జన్మలో నేను చూపిస్తానని అనుకోను.

నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో బాలింత కళ్ళలో నీళ్ళు కనపడితే, దానికి కారణం మీరే చెప్పేయకండి. ఘాటు అనకండి, నిద్రలేమి అనకండి, పుట్టింటి మీద బెంగ అనకండి. అందరినీ పంపేసి, తలుపు దగ్గరగా వేసి, అడగండి. అడిగి, చెప్పేదాకా అక్కడే కూర్చోండి. పొయ్యి మీద పాలు పొంగితే పొంగనివ్వండి. విన్నాక డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్ళండి.

జెస్సీ ఇప్పుడు కళ్లంలో పరుగులు పెట్టే వయసుకొచ్చింది. మొన్న నా పక్కన చతికిలబడి, నా మొహంలో మొహం పెట్టి, "అమ్మా, ఏడుస్తున్నావా?" అని అడిగింది.

"లేదు తల్లీ, ఘాటు," అన్నాను. ఈసారి నిజంగా ఘాటే. కళ్ళు మండిపోతున్నాయి, ముక్కు కారుతోంది.

అయినా వరస అవతల కూర్చున్న అత్తయ్య చేతిలో పని ఆపి, తలెత్తి నా వంక చూశారు. "ఈ దిక్కుమాలిన కాయలు," అని తిట్టాను. ఆవిడ తృప్తిగా తల వంచుకుని మళ్ళీ తాలు ఏరసాగారు.